తెచ్చాను కాబట్టే ‘నో సార్’ అన్నాను

సభాధ్యక్షులకు, ఈ శిక్షణ శిబిరానికి వచ్చిన ఆంగ్ల ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. ఆంగ్లంలోని వ్యతిరేక ప్రశ్నల్లో సర్వనామాలు, క్రియా విశేషణాలు ఎక్కడ కూర్చుంటాయో అరగంటలో చెప్పమన్నారు. చెబుతాను, అయితే నలభై ఏళ్ళుగా నా మనసులో నలుగుతున్న ఒక జవాబు సంగతి మధ్యలో రాక మానదు, అందుకు ముందే మన్నించండి.

సూత్రం చిన్నదే. ‘నాట్’ను కుదించి సహాయక క్రియకు అతికిస్తే ఆ రెండూ కలిసే కర్తకు ముందుకు వెళతాయి: ‘డిడంట్ హీ కమ్?’ కుదించకపోతే సహాయక క్రియ ఒక్కటే ముందుకు వెళ్ళి, ‘నాట్’ సర్వనామం వెనకే ఉండిపోతుంది: ‘డిడ్ హీ నాట్ కమ్?’ మన పిల్లలు రాసే ‘డిడ్ నాట్ హీ కమ్?’ వంటి వరుస పాత పుస్తకాల్లో కనిపిస్తే కనిపించవచ్చు గాని, నేటి వాడుకలో చెల్లదు. ‘ఐ’ దగ్గర మాత్రం అందరూ తడబడతారు. ‘ఆమంట్ ఐ?’ అనేది స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో వినిపించే మాట. తక్కినవాళ్ళు మామూలుగా ‘ఆరంట్ ఐ?’ అనే అంటారు. ‘ఐ’ పక్కన ‘ఆర్’ ఎలా వచ్చిందని పిల్లవాడు అడిగితే, లోకం అలా పలుకుతోంది నాయనా అనడమే నిజాయితీ.

క్రియా విశేషణాల దగ్గర చిక్కు స్థానంలో కంటే మన తెలుగులోనే ఎక్కువ ఉంది. ‘ఎప్పుడూ వస్తాడు’, ‘ఎప్పుడూ రాడు’ అన్న రెండు చోట్లా మనకు ఒకే మాట సరిపోతుంది; ఆంగ్లంలో మొదటిది ‘ఆల్వేస్’, రెండోది ‘నెవర్’. ‘నెవర్’లో లేదన్న అర్థం ముందే ఇమిడి ఉంది కనుక ‘హావంట్ యూ నెవర్ సీన్ ఇట్?’ అనడం తప్పు. ‘హావంట్ యూ ఎవర్ సీన్ ఇట్?’ అనాలి, లేదా ‘హావ్ యూ నెవర్ సీన్ ఇట్?’ అనాలి. సర్వనామాలదీ అదే తీరు. ‘డిడంట్ ఎనీవన్ కమ్?’ అంటే ‘ఎవరూ రాలేదా?’ అని, ‘డిడంట్ సమ్‌వన్ కమ్?’ అంటే ‘ఎవరో వచ్చారు కదా?’ అని. మన ‘లేదా’కూ ‘కదా’కూ ఉన్న తేడాను వాళ్ళు ఒక్క సర్వనామం మార్చి చెబుతున్నారు. దయచేసి ఈ ఒక్క జతను బోర్డు మీద రాసి పెట్టండి.

ఇక నా జవాబు సంగతి. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఒరిజినల్ సర్టిఫికెట్ల కట్ట చేతిలోనే ఉంది. బల్ల అవతల ఉన్న అధికారి తల ఎత్తకుండా ‘హావంట్ యూ బ్రాట్ ద ఒరిజినల్స్?’ అన్నారు. ‘తేలేదా?’ అని తెలుగులో అడిగితే ‘లేదండీ, తెచ్చాను’ అంటాం కదా! నేనూ ‘నో సార్’ అన్నాను. ‘తెచ్చాను’ అనేలోగా కాగితం మీద ఏదో గీత పడింది, తరువాతి పేరు పిలిచేశారు. కట్ట పట్టుకుని వసారాలో నిలబడ్డ నాకు తప్పెక్కడ జరిగిందో రెండేళ్ళ దాకా తెలియలేదు.

మన ‘అవును’, ‘లేదు’ అడిగినవారి మాటకు జవాబులు; ఆంగ్లంలోని ‘యెస్’, ‘నో’ జరిగిన పనికి జవాబులు. తెచ్చి ఉంటే, ప్రశ్న ఎలా వంకరగా వచ్చినా, ‘యెస్’ అనే అనాలి. ఒకప్పుడు ఆంగ్లానికీ ఈ విషయంలో వేరు వేరు మాటలు ఉండేవి: మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’, వ్యతిరేక ప్రశ్నకు ‘యెస్’, ‘నో’. ఈ తేడా పాటించలేదని 1532లో ఆంగ్ల రచయిత థామస్ మోర్, బైబిల్ అనువాదకుడు టిండేల్‌ను తప్పుపట్టాడు. ‘తేలేదా?’ అంటే ‘తెచ్చాను’ అని ఒక్క మాటలో చెప్పడానికి ఫ్రెంచివారికి ‘సి’, జర్మన్లకు ‘డోఖ్’ ఇప్పటికీ ఉన్నాయి. నాకు ఆ రోజు అలాంటి మాట ఒక్కటి ఉంటే చాలునని ఎన్నిసార్లు అనుకున్నానో!

మన పరీక్షల్లో క్వశ్చన్ ట్యాగులకు, అంటే వాక్యం చివర ‘కదా?’ అన్నట్టు తగిలించే చిన్న ప్రశ్నలకు, మార్కులు ఉన్నాయి; వ్యతిరేక ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడానికి లేవు. అందుకే ఆ పని మీరు తరగతిలో చేయించాలని చేతులు జోడించి అడుగుతున్నాను. బయట విస్తళ్ళు వేస్తున్నట్టున్నారు. తలుపు దగ్గర నిలబడి ‘హావంట్ యూ ఈటెన్ యెట్?’ అని ఒక్కొక్కరినీ అడుగుతాను. ఆకలితో ఉన్నవారు ‘యెస్’ అన్నారో, పంక్తిలో చోటు దొరకదు.