ఎనిమిదో పట్టా

వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు, నాన్నలకు, వెనక నిలబడే ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం. పిల్లలకు ఆటబొమ్మలు అరువిచ్చే ఈ బొమ్మల లైబ్రరీ కోసం కష్టపడ్డవాళ్ళ పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. నాకిచ్చిన సమయం 20 నిమిషాలు. అంశం ‘పిల్లలకు బొమ్మల ఎంపిక’. అదంతా చెప్పడం నా వల్ల కాదు. నేను ఒక్క బొమ్మ గురించే మాట్లాడతాను. రైలు. పట్టాలతో సహా.

రైలే ఎందుకంటే, నా చేతిలో ఉన్న ఈ ముక్క వల్ల. వెనకవాళ్ళకు కనిపించదేమో, ఒకసారి అందరి చేతులూ తిరిగి రానివ్వండి. బూడిదరంగు ప్లాస్టిక్‌తో చేసిన వంపు పట్టా. ఒక చివర చిన్న నాలుకలాంటిది ఉండాలి, పక్క పట్టాలోకి దూరి పట్టుకునేది. అది లేదు. విరిగినచోట ప్లాస్టిక్ తెల్లబడి ఉంది, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. దీన్ని 30 ఏళ్ళుగా దాచుకున్నాను.

మా పెద్దవాడికి మూడేళ్ళు నిండినరోజున కొన్నాం ఈ రైలు. పెట్టె మీద బొమ్మ ఎంత గొప్పగా ఉందో! పొగ వదిలే ఇంజన్, కొండ, సొరంగం, స్టేషను, చెట్లు. విప్పితే లోపల ఎనిమిది వంపు పట్టాలు, ఒక ఇంజన్, రెండు బోగీలు. మిగతావన్నీ అట్టముక్కలు. పోనీలే అనుకున్నాం. ఎనిమిది వంపులూ కలిపితే ఒక గుండ్రం వచ్చింది. సెల్లు వేసి వదిలితే రైలు తిరిగింది. వాడు నేలమీద చెంప ఆనించి పడుకుని, చక్రాలు కంటికి దగ్గరగా వస్తుంటే చూస్తూ, గంటసేపు లేవలేదు. మూడోరోజున పట్టాలు విప్పుతుంటే ఈ నాలుక పుటుక్కుమంది.

ఎనిమిదిలో ఒకటి పోయింది, అంతే. కానీ గుండ్రం మూసుకోదు. సెల్లు రైలేమో ఆగదు. ఏడు పట్టాలు దాటి, ఖాళీ దగ్గరకు వచ్చి నేలమీద పడి, పడుకునే చక్రాలు తిప్పుతుంది. వాడు ఏం చేశాడో తెలుసా? ఆ ఖాళీలో తన అరచెయ్యి పెట్టాడు. రైలు వచ్చి చేతిమీదకు ఎక్కితే, రెండో చేత్తో ఎత్తి అవతలి పట్టా మీద పెట్టేవాడు. మళ్ళీ చెయ్యి పెట్టేవాడు. అలా రెండు రోజులు ఆడాడు. అది చూడలేక నేను ఈ ముక్క పట్టుకుని కొన్న దుకాణానికి వెళ్ళాను. ఇలాంటి పట్టా ఒక్కటి ఇవ్వండి, ఎంతైనా ఇస్తాను అన్నాను. విడిగా రాదమ్మా, మొత్తం సెట్టు కొనుక్కోండి అన్నారు. ఇంకో రెండు దుకాణాల్లోనూ అదే మాట. తయారుచేసినవాళ్ళకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. జిగురు పెట్టాం, కాల్చిన సూదితో అతికించాం, దారం కట్టాం. నిలవలేదు. ఇంజన్ బాగుంది, బోగీలు బాగున్నాయి, ఏడు పట్టాలు బాగున్నాయి. ఒక్క ముక్క కోసం అంతా అటక మీదకు పోయింది.

ఆ తర్వాత చిన్నపిల్లల ఆటగది ఒకటి చూసుకునే పని నాకు దొరికింది. 19 ఏళ్ళు చేశాను. రోజూ ముప్పై, నలభై మంది పిల్లల చేతుల్లో నలిగే బొమ్మల్ని సాయంత్రం కూర్చుని బాగుచేసేదాన్ని. కాబట్టి నేను చెప్పేది ఎక్కడో చదివింది కాదు. రైలు సెట్టులో ముందు పోయేది ఇంజన్ కాదు. కలిపే చోటు. పిల్లాడు రైలు నడిపేది కాసేపే, పట్టాలు కలపడం, విప్పడం రోజంతా. వాడికి నిటారుగా లాగడం తెలియదు, పక్కకి వంచి విరుస్తాడు. అది వాడి తప్పు కాదు, మూడేళ్ళ చెయ్యి అలాగే పనిచేస్తుంది. కాబట్టి దుకాణంలో ఇంజన్ లైటు వెలుగుతోందా, కూత కూస్తోందా అని చూడకండి. రెండు పట్టాలు అడిగి తీసుకోండి. కలపండి. పక్కకి వంచి విప్పండి. పదిసార్లు చేయండి. దుకాణంవాళ్ళు అలా చేయొద్దంటే ఆ సెట్టు కొనకండి.

చెక్క పట్టాలైతే ఒక చివర గుండ్రటి తల, రెండో చివర ఆ తల పట్టే గాడి ఉంటాయి. ఆ తలకీ గాడికీ మధ్య కొంచెం వదులు ఉంటుంది. అది పనితనం లోపం అనుకునేవాళ్ళున్నారు. కాదండీ, దానివల్లే గుండ్రం కాస్త అటూఇటూ అయినా పిల్లాడు లాగి కలిపేయగలడు. తల కింద మెడ సన్నగా ఉంటుంది, అక్కడ చెక్క పోగు, అంటే చెక్కలో కనిపించే సన్నటి గీతలు, ఎటు పోతోందో చూడండి. పోగు మెడ పొడవునా పోతే గట్టిగా ఉంటుంది. అడ్డంగా పోతే విరుగుతుంది. నా దగ్గరకు విరిగి వచ్చిన చెక్క పట్టాల్లో ఎక్కువ వంపు పట్టాలే. తిన్నటి పలక నుంచి వంపుగా కోస్తారు కాబట్టి చివర్లలో పోగు ఏటవాలుగా పడుతుంది. బీచ్ అనే చెట్టు చెక్కలాంటి గట్టి, దగ్గర పోగున్న చెక్క అయితే తట్టుకుంటుంది. మెత్తటి చెక్కను రంగుతో కప్పేసి అమ్మేవి పైన పటారం, లోన లొటారం. గోటితో నొక్కితే గాటు పడుతుంది. చూసి తీసుకోండి.

రంగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2007లో ఎంతో పేరున్న చెక్క రైళ్ళే, రంగులో సీసం ఉందని ఒక్క అమెరికాలోనే దాదాపు 15 లక్షలు వెనక్కి తీసుకున్నారు. సీసం పిల్లల మెదడుకు చేటు. ఈ వయసు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. పేరు చూసి నమ్మకండి, పెట్టె మీద భద్రతా ముద్ర ఉందా, ఏ వయసుకో రాశారా చూడండి. పట్టాలకు రంగు లేకపోతేనే నాకు ఇష్టం. రంగు రాలేది కూడా ముందు అక్కడే, చక్రాలు రుద్దుకునే గాడిలో.

ఇంట్లో అయస్కాంతాలతో అతుక్కునే బోగీలు ఉన్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. దయచేసి ఇంటికి వెళ్ళగానే ప్రతి అయస్కాంతాన్నీ పట్టుకుని కదిపి చూడండి. ఒకటి మింగితే బయటికి వచ్చేయవచ్చు. రెండు మింగితే పేగుల్లో చెరోచోట ఉండి, మధ్యలో పేగు గోడని బిగించి పట్టుకుంటాయి. అక్కడ చిల్లు పడుతుంది. ఆపరేషన్ దాకా వెళుతుంది. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, రేపు చూద్దాం అనుకోకండి, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కూత కోసం పెట్టే బటన్ సెల్లు కూడా అంతే. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్ననాళం లోపల కాలిపోతుంది. సెల్లు మూతకు స్క్రూ లేని రైలు ఎంత బాగున్నా నేను ఆటగదిలోకి రానివ్వలేదు. ఒక నాన్నగారు కోప్పడ్డారు, మా అమ్మాయి ఏడుస్తోంది కదా అని. ఏడవనివ్వండి అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టిపోయే ముక్క ఏదైనా ఆ వయసుకు పనికిరాదు, గొంతుకు అడ్డం పడుతుంది. సెట్టులో వచ్చే చిన్న మనుషుల బొమ్మలు, దీపస్తంభాలు, పెట్టెలు, వీటిని ఆ కొలతతో చూడండి. ఊడిన చక్రాన్ని కూడా.

మళ్ళీ మన రైలు దగ్గరకు వద్దాం. సెల్లుతో నడిచేది కొనాలనుకుంటే ఒక్క పరీక్ష చేయండి. స్విచ్ ఆపేసి ఇంజన్ని నేలమీద చేత్తో తోయండి. చక్రాలు తిరగకుండా ఈడ్చుకుంటూ వస్తే, లోపల పళ్ళచక్రాలు మోటారుకు నేరుగా బిగించి ఉన్నాయన్నమాట. సెల్లు ఉన్నా లేకపోయినా పిల్లాడు తోయక మానడు. పళ్ళు అరుగుతాయి, ఆ తర్వాత మోటారు తిరుగుతుంది గానీ రైలు కదలదు. కొన్ని ఇంజన్లు ఆపేసినప్పుడు చేత్తో తోసినా హాయిగా దొర్లుతాయి. అవి బతుకుతాయి. ఆడటం మానేసిన రోజుల్లో సెల్లు తీసి పక్కన పెట్టండి. లోపలే వదిలేస్తే కారి, రేకుల మీద తెల్లటి పొడి కడుతుంది. పిల్లలకు అందకుండా, కొంచెం వెనిగర్ అద్దిన దూదితో తుడిస్తే చాలాసార్లు మళ్ళీ పనిచేస్తుంది.

అయినా నా ఓటు చేత్తో తోసే రైలుకే. మా పెద్దవాడి అరచెయ్యి గుర్తొస్తుంది నాకు. చేత్తో తోసే రైలైతే ఏడు పట్టాలున్నా ఆడుకోవచ్చు, మూడున్నా ఆడుకోవచ్చు. పట్టా ఆగినచోట స్టేషను అంటాడు. రైలు ఆగుతుంది, మనుషులు దిగుతారు, మళ్ళీ వెనక్కి వెళుతుంది. సెల్లు రైలుకు గుండ్రం కావాలి. గుండ్రం తెగితే ఆట తెగిపోతుంది.

వయసు సంగతి తొందరగా చెప్పేస్తాను. రెండేళ్ళవాళ్ళకు పట్టాలే వద్దు, గట్టి ఇంజన్, రెండు బోగీలు చాలు. మూడుకు గుండ్రం. నాలుగు, ఐదేళ్ళకు దారులు చీలే పట్టాలు, వంతెన. అసలు రైలుని 87వ వంతుకు కుదించి, కరెంటు పట్టాల మీద నడిపే నమూనాలు ఉంటాయి చూశారా, అవి నాన్నలకు ముచ్చట. ఆ ఇంజన్ల మీద ఉండే సన్నటి కడ్డీలూ మెట్లూ చిన్నపిల్లాడి చేతిలో ఒక పూట కూడా ఉండవు. తీసుకొచ్చి, ముట్టుకోకు ముట్టుకోకు అని వాణ్ణి ఏడిపించకండి.

ఇక నేను అసలు అడగాలనుకున్నది. కొనేముందు దుకాణదారుణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో ఒక పట్టా పోతే, ఆ ఒక్క పట్టా నాకు దొరుకుతుందా? ఇది అసాధ్యం కాదండీ. స్వీడన్‌లో బ్రియో వాళ్ళు చెక్క రైలు 1958లో మొదలుపెట్టారు. అప్పటి పట్టా పక్కన ఇవాళ్టి పట్టా పెడితే కలుస్తుంది. వేరే కంపెనీలవాళ్ళు కూడా చాలామంది అదే కొలత పట్టుకున్నారు, కాబట్టి ఒకరి సెట్టులో పోయింది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. జపాన్‌లో ప్లారైల్ అనే నీలం ప్లాస్టిక్ పట్టాల రైలు 1959 నుంచి ఉంది. రైళ్ళు ఎన్నో మారాయి, పట్టా కొలత మారలేదు. తాత ఆడిన పట్టా మీద మనవడి రైలు నడుస్తుంది. ప్లాస్టికా, చెక్కా అని వాదించుకోనక్కర్లేదు. కొలత మార్చకుండా, ముక్క విడిగా అమ్మేవాళ్ళది ఏదైనా నాకు సమ్మతమే. వంద ముక్కల పెద్ద పెట్టె వద్దు. అందులో సగం చెట్లూ బోర్డులే ఉంటాయి. పట్టాలెన్నో వేరుగా లెక్కపెట్టండి. చిన్న సెట్టు కొనండి, పుట్టినరోజుకి నాలుగు పట్టాలు కలపండి.

పోషణ కూడా పెద్ద పనేం కాదు. చెక్క పట్టాల్ని నీళ్ళలో వేసి కడగకండి, ఉబ్బి తల గాడిలో ఇరుక్కుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఉబ్బితే నీడన ఆరబెట్టి, సన్న ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దండి. రైలు బరువుగా నడుస్తుంటే తిరగేసి చూడండి, ఇరుసుకు మన తలవెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. చిన్న కత్తెరతో కోసి, పట్టకారుతో లాగేయండి. చక్రాలు మళ్ళీ కొత్తవాటిలా తిరుగుతాయి. ఆటగదిలో రైలు పాడైందని నా దగ్గరకు తెచ్చినప్పుడు నేను మొదట చూసేది అదే.

ఈ లైబ్రరీ నిర్వాహకుల్ని కూడా ఒకటి అడుగుతున్నాను. విరిగిన సెట్టును పారేయకండి. ఒక డబ్బా పెట్టండి. ఎవరింట్లో అటక మీద ఏ ముక్కలు మిగిలినా అందులో వేయమనండి. ఒకరింట్లో ఏడు ఉంటాయి, ఇంకొకరింట్లో ఒకటి ఉంటుంది. 30 ఏళ్ళ క్రితం అలాంటి డబ్బా ఒకటి ఉంటే ఈ ముక్క నా సంచిలో ఉండేది కాదు.

నా 20 నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఇక్కడ బల్ల మీద మా ఆటగది చెక్క రైలు పెట్టాను. మొదట కొన్న ఏడు వంపు పట్టాలే ఉన్నాయి, ఎనిమిదోది పోయినవారం ఎక్కడో పోయింది. నిన్న వెళ్ళి ఒకటి విడిగా కొనుక్కొచ్చాను, ఇదిగో, ఇంకా కాగితంలోనే ఉంది. ముందువరసలో ఆ పసుపు చొక్కా బాబు ఇందాకటి నుంచి బల్లకేసే చూస్తున్నాడు. వాణ్ణి ఇలా పంపండమ్మా. రా నాన్నా, ఇది నువ్వు పెట్టు.