కెల్లర్ల ఇంటి అమ్మాయి

అందరికీ నమస్కారం. ఆగస్టు 29, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి ఆయన గురించి మాట్లాడమన్నారు. ఆయన గురించి ఏటా వింటూనే ఉన్నారు. ఈసారి ఆయన చేతిలో ఓడిపోయినవాళ్ల ఇంటి కథ చెబుతాను.

1936 ఆగస్టు 15, బెర్లిన్. ముందురోజు వానకి వాయిదాపడ్డ ఒలింపిక్స్ హాకీ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి మనవాళ్లు ఒక్క గోలే కొట్టారు. తర్వాత వరసపెట్టి కొట్టేసి 8-1తో గెలిచారు. ఓడిన జర్మన్ జట్టులో ఎర్విన్ కెల్లర్ అనే ఆటగాడు వెండి పతకంతో ఇంటికెళ్లాడు. మనకి ఆ కథ అక్కడితో అయిపోయింది. వాళ్లింట్లో అవ్వలేదు.

కొడుకు కార్‌స్టెన్ 1972లో మ్యూనిక్‌లో పశ్చిమ జర్మనీ కెప్టెన్. ఫైనల్లో పాకిస్తాన్ మీద 1-0, స్వర్ణం. మనవడు ఆండ్రియాస్‌కి లాస్ ఏంజెలెస్, సియోల్‌లలో రెండుసార్లూ వెండే వచ్చింది, బార్సిలోనాలో స్వర్ణం దక్కింది. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ మొదటిసారి ఆడింది కూడా ఆ 1992 ఒలింపిక్స్‌లోనే.

ఇలాంటి ఇంట్లో 1977లో పుట్టింది నటాషా కెల్లర్. బయటివాళ్లకి అదృష్టంలా కనిపిస్తుంది. నాకైతే టెన్షన్‌లా కనిపిస్తుంది. తాత, నాన్న, అన్న అందరి దగ్గరా పతకాలున్న ఇంట్లో నువ్వు ఉత్తచేతులతో వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె అలాగే వచ్చింది, ఒకసారి కాదు. 1996 అట్లాంటాలో ఆరో స్థానం. 1999లో ప్రపంచ ఉత్తమ హాకీ క్రీడాకారిణిగా ఎంపికైంది, మరుసటి ఏడాది సిడ్నీలో జట్టు ఇంకో మెట్టు దిగి ఏడో స్థానం.

ఆమె ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టాల్సిన ఆటగత్తె. ఫార్వర్డ్ బతుకే అంత. గోలు పడితే పేరు, పడకపోతే మాట.

2004 ఏథెన్స్‌లో జర్మనీ అమ్మాయిల మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. సెమీస్‌లో చైనాతో గోల్స్ లేకుండా డ్రా, పెనాల్టీ స్ట్రోక్స్ మీద గట్టెక్కారు. స్ట్రోక్ అంటే మీకు తెలుసు కదా, గోల్‌కీపర్‌కీ కొట్టేవాళ్లకీ మధ్య ఆరున్నర మీటర్లు కూడా ఉండదు, అడ్డం ఎవరూ ఉండరు. ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 2-1తో ఓడించారు. హాకీలో జర్మనీ మహిళలకి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. నాలుగేళ్లకి తమ్ముడు ఫ్లోరియాన్ బీజింగ్‌లో స్వర్ణం గెలిచాడు. అదే బీజింగ్‌లో అక్క జట్టు నాలుగో స్థానంలో ఆగింది. నన్నడిగితే నాలుగో స్థానం కన్నా ఏడోదే నయం, నిద్రయినా పడుతుంది.

జర్మనీ తరఫున ఆమె 400కి పైగా మ్యాచ్‌లు ఆడింది, 200కి పైగా గోల్స్ కొట్టింది. ఈ లెక్కలు చెబితే మీరు చప్పట్లు కొడతారని తెలుసు, కొట్టండి. నేను మాత్రం ఇంకో లెక్క పట్టుకుంటాను. ఐదు ఒలింపిక్స్‌లో నాలుగింటి నుంచి ఆమె పతకం లేకుండానే తిరిగొచ్చింది. అందులో మొదటి మూడుసార్లూ మళ్లీ స్టిక్ పట్టుకుంది.

2012 లండన్ ప్రారంభోత్సవంలో జర్మనీ జెండా ఎవరు పట్టుకోవాలని చూసుకుంటే, అంత పెద్ద బృందంలో 35 ఏళ్ల నటాషాకే ఇచ్చారు. జెండా కర్ర పట్టుకుని అందరికన్నా ముందు నడిచింది. ఆ ఒలింపిక్స్‌లో జట్టుకి వచ్చింది మళ్లీ ఏడో స్థానమే. ఆ తర్వాత ఆమె జాతీయ జట్టుకి ఆడలేదు.