ప్రశ్నలు అడగకూడని సైన్స్ పాఠం

సభకు నమస్కారం.

ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించినవాణ్ని. పరిణామ సిద్ధాంతం బోధన మీద అమెరికాలో వచ్చిన ఒక కోర్టు తీర్పు గురించి ఇవాళ మాట్లాడతాను; అయితే తీర్పు కంటే ముందు ఒక తరగతి గది సంగతి చెబుతాను.

2005 జనవరి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే చిన్న ఊరు. తొమ్మిదో తరగతి పిల్లలకు పరిణామ సిద్ధాంతం పాఠం మొదలవబోతోంది. స్కూలు బోర్డు ఆదేశం మీద ఒక అధికారి వచ్చి కాగితం చదివారు. డార్విన్ చెప్పింది సిద్ధాంతమే తప్ప నిజం కాదని, అందులో ఖాళీలున్నాయని, జీవుల్ని ఏదో తెలివైన శక్తి రూపొందించిందని చెప్పే ఇంటెలిజెంట్ డిజైన్ అనే మరో వివరణ ఉందని, కావలసినవారు ఫలానా పుస్తకం చూడవచ్చని దాని సారాంశం. ఆపైన ఇంకో మాట: దీనిమీద చర్చ ఉండదు, మీ టీచర్లు ప్రశ్నలకు జవాబు చెప్పరు.

ఆ చివరి మాట దగ్గరే నా మనసు చివుక్కుమంది. జవాబు చెప్పనని ముందే ప్రకటించి మొదలుపెట్టేది సైన్స్ పాఠం ఎలా అవుతుంది?

అధికారి ఎందుకు చదవాల్సి వచ్చిందంటే, సైన్స్ టీచర్లు తాము చదవబోమన్నారు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదు, జీవశాస్త్రం కాదు అని పెద్దక్షరాలతో లేఖ రాసి ఇచ్చారు. చదివితే తమ వృత్తి నియమావళిని తామే ఉల్లంఘించినట్లని తేల్చి చెప్పారు. జీతమిచ్చే బోర్డుకు ఎదురు నిలిచి ఆ మాట రాయడం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు వేరే చెప్పక్కర్లేదు.

"సిద్ధాంతమే" అని తీసిపారేయడం గురించి ఒక మాట. ఇంగ్లీషులో థియరీ అంటే వాడుకలో ఊహ అనే అర్థం కూడా ఉంది. మన మాట అలాంటిది కాదు. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి ఆక్షేపణను పూర్తిగా వినిపించాలి. దానికి సమాధానం చెప్పాలి. ఆ తర్వాత నిలిచేదే సిద్ధాంతం. పరిణామ సిద్ధాంతం నూట అరవై ఏళ్లకు పైగా అలా ఆక్షేపణలకు జవాబు చెబుతూనే నిలబడింది.

ఆక్షేపణ కూడా విందాం. మైకేల్ బీహీ అనే జీవరసాయన శాస్త్రవేత్త స్ప్రింగు ఎలుకల బోనును ఉదాహరణగా చూపారు. అయిదు భాగాల్లో ఒకటి తీసేసినా అది ఎలుకను పట్టదు. బాక్టీరియా ఈదడానికి వాడే తోక కూడా అంతే, కాబట్టి ఎవరో కూర్చి ఉండాలన్నది ఆయన వాదన. వినసొంపుగానే ఉంది. కెనెత్ మిల్లర్ అనే జీవశాస్త్రవేత్త బోనులోంచి రెండు భాగాలు తీసేసి, మిగిలినదాన్ని టైకి క్లిప్పులా పెట్టుకుని చూపించారు. ఎలుకను పట్టకపోయినా ఇంకో పనికి వస్తుంది. బాక్టీరియా తోక అడుగుభాగపు ప్రోటీన్లను పోలినవే కొన్ని బాక్టీరియాల్లో విషాన్ని ఎక్కించే సూదిలా పనిచేస్తున్నాయి. ఈ మిల్లర్ కాథలిక్కు, దైవభక్తుడు. ఇది దేవుడికీ సైన్సుకీ తగాదా అనుకునేవారు ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ కాగితం చదివించినందుకు బోర్డు మీద పదకొండు మంది తల్లిదండ్రులు వేసిన కేసు హారిస్‌బర్గ్ ఫెడరల్ కోర్టులో విచారణకు వచ్చింది. రోగనిరోధక వ్యవస్థ ఎలా పరిణమించిందో శాస్త్రసాహిత్యంలో జవాబు లేదని బోర్డు తరఫు సాక్షిగా వచ్చిన బీహీ అంటే, యాభై ఎనిమిది పరిశోధన పత్రాలు, తొమ్మిది పుస్తకాలు ఆయన ముందు పెట్టారు. అవి చాలవన్నారాయన.

అయితే అసలు గుట్టు బయటపెట్టింది పిల్లలకు సూచించిన ఆ పుస్తకపు చిత్తుప్రతులే. బడుల్లో పరిణామం చెబితే సృష్టివాదం, అంటే జీవుల్ని దేవుడే సృష్టించాడన్న వాదం, కూడా బోధించాలన్న లూసియానా రాష్ట్ర చట్టాన్ని 1987లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాతి ప్రతుల్లో "సృష్టివాదులు" అన్నచోటల్లా "డిజైన్ ప్రతిపాదకులు" వచ్చి కూర్చుంది. ఒకచోట దిద్దుబాటు సరిగా పడక, కొత్త మాటకు ముందూ వెనకా పాత మాట అక్షరాలు అతుక్కుని మిగిలిపోయాయి. పరిశోధన ముందుకు సాగి మాట మారలేదు, తీర్పు వచ్చింది కనుక మారింది.

అధ్యక్షుడు బుష్ నియమించిన న్యాయమూర్తి జాన్ జోన్స్ 2005 డిసెంబర్ 20న 139 పేజీల తీర్పు ఇచ్చారు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదని, ప్రభుత్వ బడి సైన్స్ తరగతిలో దాన్ని బోధించడం రాజ్యాంగ విరుద్ధమని స్పష్టం చేశారు. అంతకు ముందు నెలలోనే, మళ్లీ పోటీ చేసిన ఎనిమిది మంది బోర్డు సభ్యులను ఊరి ఓటర్లు ఇంటికి పంపారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2018లో ఒక కేంద్ర సహాయమంత్రి డార్విన్‌ది తప్పన్నారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠ్యభాగాన్ని తీసేస్తే, పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. పదితో జీవశాస్త్రం వదిలేసే పిల్లలకు ఆ పాఠం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ప్రశ్న అడగవద్దన్నారు, ఇక్కడ ప్రశ్న పుట్టే చోటునే తీసేశారు.

నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు: "సార్, కోతి నుంచి మనిషి వస్తే, కోతులింకా ఎందుకున్నాయి?" ఉద్యోగంలో చేరిన కొత్తలో సిలబస్ తొందరలో ఒక అబ్బాయిని కూర్చోమన్నాను. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. తర్వాతి ఏళ్లలో ఇలా చెప్పేవాణ్ని: "నువ్వూ మీ పెదనాన్న కొడుకూ ఒకే తాతకు మనవలు. నువ్వు పుట్టావని అతను లేకుండా పోయాడా? కోతులు మనకు తాతలు కావు, దాయాదులు."

ఒకసారి వెనక బెంచీ అమ్మాయి వెంటనే లేచింది. "అయితే సార్, ఆ తాత ఎలా ఉండేవాడు?"

ఆ పీరియడ్ అంతా ఆ తాత గురించే మాట్లాడుకున్నాం.