టేకు బల్ల మీద తెల్ల మరకా, నల్ల మరకా? ముందు రంగు చూడండి

నమస్కారమండీ. టేకు టీపాయ్ మీద వేడి టీ గ్లాసు పెట్టి తీస్తే గుండ్రంగా తెల్లటి మచ్చ మిగులుతుంది. వాన జల్లు కొట్టిన కిటికీ చెక్కలు, ఇల్లు కడిగినప్పుడల్లా తడిసే మంచం కోళ్లు నల్లబడతాయి. రెండూ నీటి మరకలే. కానీ ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. ఇది తెలియక టూత్‌పేస్టు, నిమ్మకాయ, వెనిగర్ వరసపెట్టి రుద్ది, ఉన్న పాలిష్ పోగొట్టుకుంటున్నారు. మంచి చెక్క సామాను అలా పాడవుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

తెల్ల మరక అంటే నీళ్లు చెక్క దాకా వెళ్లలేదు. పైనున్న పాలిష్ పొరలోనే తేమ చిక్కుకుంది. ఆ తేమ వెలుతురుని చెదరగొడుతుంది కాబట్టి మనకు తెల్లగా కనిపిస్తుంది. పాత సామానులో ఇది ఎక్కువ. వాటికి వేసింది లక్కని స్పిరిట్‌లో కరిగించి చేసిన పాలిష్. లక్క సుమారు 75 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పొగలు కక్కే గ్లాసు కింద మెత్తబడకుండా ఎలా ఉంటుంది?

మీ బల్లకి ఏ పాలిష్ ఉందో తెలియకపోతే, కింద కనిపించని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. జిగటగా తగిలితే లక్క పాలిష్. మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) అనే రసాయన పాలిష్‌లు స్పిరిట్‌కి కదలవు, వాటి మీద ఇలాంటి మరకలు పడటం కూడా తక్కువే.

తెల్ల మరకని తొందరపడి రుద్దొద్దు. ఒకటి రెండు రోజులు ఫ్యాన్ గాలికి వదిలేయండి, కొన్ని వాటంతటవే పోతాయి. పోకపోతే రాత్రి కాస్త వాజలైన్ రాసి, పొద్దున తుడిచేయండి. ఇంకా ఉంటే పొడి నూలు గుడ్డ మడతపెట్టి మరక మీద వేసి, ఇస్త్రీ పెట్టెని అన్నిటికంటే తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, రెండు మూడు సెకన్లు ఆనించి తీయండి. తీసిన ప్రతిసారీ గుడ్డ ఎత్తి చూడాలి. వేడి ఎక్కువైతే పాలిష్ గుడ్డకి అంటుకుపోతుంది. చివరి ప్రయత్నంగా జల్లించిన మెత్తటి బూడిదని కొబ్బరినూనెలో కలిపి, వేలితో చెక్కలో సహజంగా కనిపించే గీతల వెంబడే రుద్దండి. గిన్నెలు తోమే స్టీల్ పీచు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. గీతలు ఒక సంగతి, విరిగిన ఇనుప పోగులు చెక్కలో దిగితే తర్వాత అవే నల్ల మచ్చలవుతాయి.

ఆ నల్ల మచ్చ సంగతి చాలామందికి తెలియదు. చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, తుమ్మలో, నల్లమద్దిలో బాగా ఎక్కువ. నీళ్లు పాలిష్ దాటి లోపలికి దిగాక, మేకు నుంచో స్క్రూ నుంచో బోరు నీళ్ల నుంచో వచ్చిన ఇనుము ఆ టానిన్‌తో కలిసి నల్లరంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేది కూడా ఇలాగే. కరక్కాయ పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో గీస్తారు. వందల ఏళ్లుగా బట్ట మీద నిలిచే రంగు అది. నూనె రాస్తేనో బ్లీచింగ్ పౌడర్ వేస్తేనో పోదు.

దీనికి పనిచేసేది ఆక్జాలిక్ ఆమ్లం. కెమికల్స్ షాపుల్లో పొడిగా దొరుకుతుంది. ముందు ఆ పలక మీద పాలిష్ అంతా తీసేయాలి. పొడిని గోరువెచ్చని నీళ్లలో ప్లాస్టిక్ గిన్నెలోనే కలిపి, మచ్చ ఒక్కదానికే కాకుండా పలక మొత్తానికీ పూయండి, లేకపోతే ఆ ఒక్కచోటే తేలిపోయినట్టు కనిపిస్తుంది. మచ్చ పోయాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు తుడిచి, వంటసోడా నీళ్లతో ఒకసారి, మళ్లీ మంచినీళ్లతో తుడవాలి. ఇది విషమండీ. గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వడ్రంగికి అప్పజెప్పడమే మంచిదని నా అభిప్రాయం. సరిగ్గా కడగకుండా గరుకు కాగితం పడితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి హాని చేస్తుంది.

పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక, నీళ్లకి ఉబ్బితే అది మరక కాదు, ఆ ముక్క మార్చుకోవాల్సిందే.

కొత్త పాలిష్‌కి తొందరపడకండి. చెక్క పూర్తిగా ఆరాలి. ముసురు పట్టిన రోజుల్లో అసలు వేయించొద్దు, గాలిలో తేమ ఎక్కువైతే లక్క పాలిష్ వేస్తుండగానే తెల్లబారుతుంది.