కాలువ గట్టు దాకా రావాల్సిన టీకా

మిర్యాలగూడ, హాలియా రైతులకు, బాతుల మందలు మేపుకుంటున్న అన్నలకు నమస్కారం.

సాగర్ ఎడమ కాలువ కింద కోతలు అయ్యాక బాతులు మడుల్లో దిగుతాయి. రాలిన వడ్లు, నత్తలు తింటాయి, పొలానికి ఎరువు వేస్తాయి. ఇద్దరికీ లాభమే. కానీ ఇవాళ ఒక మంద తాగిన నీళ్లే రేపు ఇంకో మంద తాగుతుంది. బాతు ప్లేగు పాకేది అలాగే. ఇది హెర్పిస్ జాతి వైరస్. జబ్బు పడి బతికిన బాతు కూడా దాన్ని ఒంట్లో దాచుకుని, మళ్లీ ఎప్పుడో నీళ్లలోకి వదులుతుంది.

కోళ్లకు కొక్కెర రోగానికి వేసే టీకానే వీటికీ వేస్తే పోదా అని అడుగుతుంటారు. పోదు. ఆ వైరస్ వేరు, ఇది వేరు.

ఈ జబ్బును నెదర్లాండ్స్‌లో 1923లో గుర్తించారు. తర్వాత అక్కడే యాన్సెన్ అనే శాస్త్రవేత్త ఈ వైరస్‌ను పిల్ల కడుతున్న కోడిగుడ్లలో, ఒక గుడ్డు నుంచి ఇంకో గుడ్డుకు మారుస్తూ పెంచాడు. కోడి పిండానికి అలవాటు పడేకొద్దీ దానికి బాతును చంపే శక్తి పోయింది. రక్షణ ఇచ్చే గుణం మాత్రం మిగిలింది. మన దేశంలో వాడేదీ ఈ పద్ధతి టీకానే. పని బాగానే చేస్తుంది.

చిక్కంతా ఎండతోనే. ఆ టీకాలో ఉన్నది ప్రాణమున్న వైరస్ కాబట్టి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. పొడి మందును ద్రవంలో కలిపాక గంటా రెండు గంటల్లో వేసేయాలి. మీ గుడారమేమో కాలువ గట్టున, ఫ్రిజ్ ఏమో టౌన్‌లో! ఏప్రిల్ ఎండలో బండి మీద తెచ్చిన మందు చెడిందో లేదో సీసా చూస్తే తెలియదు. పల్లె కోళ్ల కోసం వేడిని కొంత తట్టుకునే ఐ-2 రకం కొక్కెర టీకాను ఆస్ట్రేలియాలో తయారుచేశారు. బాతులకూ అలాంటిది కావాలి. కొత్త టీకా అంటే ఇంకా ఘాటైన టీకా అనుకుంటారు గానీ, నా లెక్కలో ఎండకు ఆగేదే మనకు కొత్తది.

బాతు పిల్లలకు వచ్చే కాలేయ జబ్బు సంగతి వేరు. మెడ వెనక్కి విరుచుకుని గంటల్లో చచ్చిపోతాయి, వాటికి సూది వేసే టైమే ఉండదు. అందుకే ఆ జబ్బు టీకా తల్లి బాతులకు వేస్తారు, రక్షణ గుడ్డు సొనలోంచి పిల్లకు అందుతుంది.

ప్లేగు టీకా మాత్రం మంద ఊరు దాటకముందే, 8 నుంచి 12 వారాల వయసులో, పొద్దున చల్లని పూట వేయించండి. తేదీ, సీసా మీది బ్యాచ్ నంబర్ రాసి పెట్టుకోండి. రేపు బాతులు చస్తున్నాయని పిలిస్తే డాక్టర్ ముందు అడిగేవి అవే.