షీటు మనది, చూసేది ఎవరు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం. పేర్లన్నీ చదవను. ఇచ్చింది పది నిమిషాలు, అందులో రెండు మైకు సరిచేయడానికే పోయాయి.

ఇవాళ ఆగస్టు 31. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1952లో ఈ తేదీనే రద్దయింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించిన చట్టం అది. చట్టమైతే పోయింది. స్టేషన్ బీరువాలో సస్పెక్ట్ షీట్లు, రౌడీ షీట్లు మాత్రం ఉన్నాయి. షీటంటే ఒక మనిషి మీద కన్నేసి ఉంచడానికి పోలీసులు అతని పేరుతో పెట్టుకునే రికార్డు. కరపత్రంలో 'సమాచార హక్కుపై అవగాహన' అని వేశారు. చట్టమంతా చెప్పుకుంటూ పోతే భోజనాల వేళ అవుతుంది, షీట్ల సంగతి ఒక్కటే చెబుతాను.

మన దగ్గర షీటు తెరిచేది పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, అంటే ఆ శాఖ సొంత నియమావళి ప్రకారం. దానికి పై అధికారి ఉత్తర్వు కావాలి. డిసెంబరు ఆఖరు దాటాక కూడా కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి మళ్లీ ఉత్తర్వు ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి మీరు అడగాల్సింది ఈ ఉత్తర్వుల నకళ్లే.

వెనక కూర్చున్న తమ్ముళ్లూ, పెన్నుందా? రాసుకోండి. 'నా మీద షీటు ఎందుకు తెరిచారు?' అని అడగొద్దు. 'ఎందుకు' అంటే సమాచారం కిందికి రాదని రెండు ముక్కల్లో తిప్పి పంపుతారు. ఇలా రాయండి: 'నా పేరుతో ఉన్న షీటు నకలు, తెరవమన్న ఉత్తర్వు నకలు, తేదీ, ఉత్తర్వు ఇచ్చిన అధికారి హోదాతో, ఆ తర్వాత ఏటా పొడిగించిన ఉత్తర్వుల నకళ్లు, ఆధారంగా చూపిన క్రైమ్ నంబర్లు.' కింద మీ పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఆధార్ జిరాక్స్ జతచేయండి. ఒకే పేరున్నవాళ్లు ఊరికి నలుగురుంటారు, ఆ సాకు దొరకనివ్వకండి. రుసుము పది రూపాయలు, మండల స్థాయి కార్యాలయమైతే ఐదు. పేదరిక రేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు, తెల్ల కార్డు జిరాక్స్ పెట్టండి. కారణం చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ 'ఎందుకయ్యా నీకిది' అంటే గొడవ పడకండి, నవ్వి ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టు ఉంది.

గడువు 30 రోజులు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చే జవాబు తరచూ ఒక్క వాక్యమే: '8(1)(హెచ్) ప్రకారం తిరస్కరించడమైనది.' దర్యాప్తుకు అడ్డొస్తుందట! ఏ దర్యాప్తు? కేసు కొట్టేసి ఏళ్లు గడిచినవాడి షీటుకు దర్యాప్తేమిటి? భగత్ సింగ్ అనే ఒక దరఖాస్తుదారుడి కేసులో ఢిల్లీ హైకోర్టు 2007 డిసెంబరులోనే తేల్చింది: దర్యాప్తు నడుస్తోందంటే చాలదు, సమాచారం ఇస్తే అది ఎలా దెబ్బతింటుందో అధికారి చూపించాలి. అప్పీలులో ఈ ఒక్క తీర్పు రాయండి చాలు. 'ఇన్ఫార్మర్ పేరు బయటపడుతుంది' అంటే సెక్షన్ 10 చూపండి: ఆ పేరు నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వమనండి. మీ కాగితం మీకివ్వడానికి 'వ్యక్తిగత సమాచారం' అని 8(1)(జె) అడ్డుపెట్టేవాళ్లూ ఉన్నారు. ఎవరి వ్యక్తిగతం అండీ? అడిగినవాడిదే కదా!

ఆ జె విషయంలో ఒక హెచ్చరిక. డేటా రక్షణ చట్టంతో అందులోని షరతులు తీసేశారు, ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, తిరస్కరించొచ్చు; ఆ మార్పును 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే 8(2) మాత్రం మిగిలింది. కాబట్టి స్టేషన్ మొత్తం లెక్క కావాలంటే పేర్లు అడగకండి, సంఖ్యలు అడగండి: ఏటా ఎన్ని షీట్లు తెరిచారు, ఎన్ని మూసేశారు, అందులో ఎస్సీ, ఎస్టీలు ఎందరు.

పేర్లు అడగొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పక్కింటివాడి షీటు తెచ్చి వాట్సాప్‌లో పెడితే పోలీసులకూ మనకూ తేడా ఏముంది? అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు 2024 మే 7న, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రం, అందరికీ తెరిచిపెట్టేది కాదు, మైనర్ పిల్లల గుర్తింపు బయటపడకుండా జాగ్రత్త పడాలి అంది. వెనకబడిన నేపథ్యం చూసి యాంత్రికంగా షీట్లు రాసేస్తున్నారని కూడా అంది, అన్ని రాష్ట్రాలనూ నిబంధనలు మార్చే సంగతి ఆలోచించమంది. మన రాష్ట్రాలు ఏం మార్చాయి? అదీ దరఖాస్తు పెట్టి అడగదగ్గ ప్రశ్నే. పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ఇంకా గట్టిది: కేసు నడుస్తున్నా, ముగిసినా ఆ పిల్లాడి రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా బయటపెట్టకూడదు.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. అప్పీలు సంగతి చెప్పేస్తాను. జవాబు రాకపోయినా, తిరస్కరించినా 30 రోజుల్లో అదే శాఖలోని అప్పీలు అధికారికి వెళ్లాలి. ఆయన 30 రోజుల్లో, కారణం రాస్తే 45లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. సరైన కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. వేస్తారా అంటే, అరుదు. అయినా అప్పీలులో అడగండి.

ఇంకొక్కటి. కేసు కొట్టేశాక స్టేషన్ రికార్డు దానంతట అదే మారుతుందనుకోకండి. వెరిఫికేషన్‌కు వెళితే కంప్యూటర్లో 'పెండింగ్' అని కనిపిస్తుంది, ఉద్యోగం ఆగిపోతుంది. కోర్టు కాపీయింగ్ సెక్షన్లో తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పోలీసులు వేసిన క్రైమ్ నంబరు, కోర్టు వేసిన సీసీ నంబరు రెండూ రాసి ఎస్‌హెచ్‌ఓకు, అంటే స్టేషన్ అధికారికి ఇవ్వండి, ఒక నకలు ఎస్పీ ఆఫీసుకు పంపండి. నెల ఆగి, ఆ ఉత్తరం మీద తీసుకున్న చర్య నకలు కావాలని దరఖాస్తు పెట్టండి. బయట బల్ల మీద ఖాళీ నమూనాలున్నాయి. రాయడం రానివాళ్లకు మా పిల్లలు రాసిపెడతారు, కార్డు జిరాక్స్ తెచ్చుకున్నవాళ్లు ముందు రండి.