మునిగిన కంపెనీ మీద ఇంకా అప్పీలా?

శ్రోతలకు నమస్కారం. ఒక కంపెనీ అప్పుల్లో మునిగి, ఇక లేవదని తేలాక, దాని ఆస్తులు అమ్మి వచ్చినదాన్ని కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్లకు పంచే పని లిక్విడేటర్‌కు అప్పగిస్తారు. ఆయన ఒకపక్క షెడ్లూ మెషీన్లూ వేలం వేస్తుంటాడు, ఇంకోపక్క ఎప్పటివో ఇన్‌కమ్ టాక్స్ కేసులు నడుస్తూనే ఉంటాయి. వాటిలో ఏది పైకి వెళ్లాలి, ఏది అక్కడితో ఆగాలి అన్నది చాలావరకు డబ్బు లెక్కే తేలుస్తుంది.

కేసులో కంపెనీ గెలిచిందనుకోండి. గొడవలో ఉన్న పన్ను 60 లక్షలు దాటితేనే డిపార్ట్‌మెంట్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. హైకోర్టుకైతే 2 కోట్లు, సుప్రీంకోర్టుకైతే 5 కోట్లు దాటాలి. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 సెప్టెంబరులో పెట్టిన పరిమితులివి. అంతకుముందు, 2019 నుంచి, 50 లక్షలు, కోటి, 2 కోట్లుగా ఉండేవి. కొన్ని రకాల కేసులకు మినహాయింపులున్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. ఇంకో సంగతి, ఈ కట్టడి డిపార్ట్‌మెంట్‌కే. లిక్విడేటర్ అప్పీలుకు వెళ్లాలనుకుంటే పన్ను ఎంత తక్కువైనా ఇది అడ్డు రాదు.

అసలు తిరకాసు నష్టాల దగ్గర ఉంది. మూతపడిన కంపెనీకి లాభమెక్కడిది? 40 కోట్ల నష్టం చూపించింది, అధికారి అందులో 10 కోట్లు ఒప్పుకోలేదు, అయినా ఇంకా 30 కోట్ల నష్టమే కదా, కట్టాల్సిన పన్ను సున్నా. కానీ పరిమితి చూసేటప్పుడు ఆ 10 కోట్ల మీద పన్ను పడితే ఎంతయ్యేదో ఊహించి లెక్కేస్తారు. 30 శాతం చొప్పున 3 కోట్లు. అంటే, చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఒకటుంటే, ట్రిబ్యునల్‌లో కంపెనీ గెలిచినా డిపార్ట్‌మెంట్ హైకోర్టు దాకా లాగొచ్చన్నమాట, పైసా రాని కేసుని!

నడుస్తున్న కంపెనీ విషయంలో ఈ లెక్క నాకూ సబబుగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఈ ఏటి నష్టాన్ని చూపించి రేపటి లాభం మీద పన్ను తగ్గించుకుంటారు. లిక్విడేషన్‌లో ఉన్నదానికి రేపటి లాభం ఎక్కడ?

పోనీ నిజంగానే పన్ను బాకీ ఉందనుకున్నా, దివాలా చట్టం 53వ సెక్షన్‌లో పెద్ద క్యూ ఉంది. ముందు లిక్విడేషన్ ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, వాటితో సమానంగా తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, ఆపైన మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, అప్పుడుగానీ ప్రభుత్వ బకాయిల వంతు రాదు. చాలా కంపెనీల్లో డబ్బు బ్యాంకుల దగ్గరే అయిపోతుంది. ఈలోగా లిక్విడేటర్ వకీలు ఫీజు ఎక్కడినుంచి ఇస్తాడు? అదీ లిక్విడేషన్ ఖర్చే, క్యూలో అందరికంటే ముందు పోతుంది, అంటే కార్మికుడి వాటాలోంచి కూడా కొంత కోత పడ్డట్టే.

అందుకే ఇలాంటి కంపెనీల విషయంలో పన్ను ఎంతని కాకుండా, చేతికొచ్చేది ఎంతని చూసి పరిమితి పెట్టాలని నా అభిప్రాయం.

అది జరిగేదాకా లిక్విడేటర్లు చేయగలిగిన పని ఒకటుంది. 2024 పరిమితులు అప్పటికే పెండింగ్‌లో ఉన్న అప్పీళ్లకూ వర్తిస్తాయి. హైదరాబాద్, విశాఖపట్నం ట్రిబ్యునల్ బెంచీల్లో గానీ, హైకోర్టుల్లో గానీ ఉన్న పాత కేసులు తీసి, ఏ సంవత్సరానికి ఎంత పన్నో విడివిడిగా లెక్కగట్టి, పరిమితికి లోపలున్నవి వెనక్కి తీసుకోమని డిపార్ట్‌మెంట్‌కు రాతపూర్వకంగా అడగొచ్చు.